పొట్టి కొవ్వొత్తులు

ఆరెలిస్ మగ్దలేనా నదిలో నడుము లోతు నీళ్ళలో, ఒడ్డు వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నప్పుడు వచ్చింది ఆ శుభవార్త. తెచ్చింది సాక్షాత్తూ నిన్యా తొమాసా. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పండుగ ఆటలు నడిపించేది. ఆ ఊళ్ళో పెద్దావిడ ఎంత పెద్దదైతే అంత గౌరవంగా పేరుకు ముందు నిన్యా అంటారు, అంటే చిన్నపిల్ల అని. చుట్ట అడ్డపొగ పీలుస్తూ, రేవు మెట్ల మీద ఆగి, ఆవిడ గట్టిగా కేకేసింది.

"టీచరమ్మా! గేదెలా ఇంకెంతసేపు నానతావే ఆ నీళ్ళలో?"

"ఇంకో రెండొందల అడుగులున్నాయి, నిన్యా తొమాసా."

"సరే, లెక్కపెట్టుకో. ఈ ఏడు కుంబియా వలయంలో నీ పేరు చేర్చాను. పదిహేడో ఆడమనిషివి. మీ ఆయనకి చెప్పు, కొవ్వొత్తులు కొనుక్కోమని."

ఆ మాటతో అడుగుల లెక్క గల్లంతైపోయింది. ఆరెలిస్ నీళ్ళలోనే గిర్రున తిరిగింది. తిరిగితే చీలమండలు కలుక్కుమంటాయన్న సంగతి కూడా గుర్తు రాలేదు. అవి కలుక్కుమన్నాక గుర్తొచ్చింది. అయినా నవ్వు ఆగలేదు.

ఆరేళ్ళయింది ఆమె కుంబియా నాట్యం ఆడి. ఆరేళ్ళ కిందట ఊరంతటికీ చికున్‌గున్యా వచ్చింది. అందరికీ వారం రోజుల్లో పోయింది. ఆరెలిస్‌కి జ్వరం పోయింది కానీ నొప్పులు మాత్రం అద్దెకి దిగినట్టు ఉండిపోయాయి. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకోవు. కాఫీ కప్పు రెండు చేతులతో ఎత్తాలి. బడిలో సుద్దముక్క పట్టుకుంటే మణికట్టులో సూది దిగినట్టుంటుంది. మొదటి రెండేళ్ళూ పడక ఊయలలోంచి లేవలేదు. వేసుకున్న మాత్రలకి ఒళ్ళు ఉబ్బింది, పడుకున్న ఒళ్ళు ఇంకా పెరిగింది. తొంభై ఒక్క కిలోలు. ఫిబ్రవరి వస్తే చర్చి ముందు మైదానంలోంచి పిల్లనగ్రోవి, డోళ్ళ చప్పుడు ఊయలదాకా వచ్చేవి. ఆమె పాదాలు దుప్పటి కింద వాటంతటవే జరిగేవి. ఆ జరగడం చూసి ఏడుపొచ్చేది. ఇల్లు మరిచిపోయిన కుక్క దారిలో వాసన పట్టి ఆగినట్టు, పాదాలకి ఇంకా గుర్తుందే అని.

నిరుడు ఊళ్ళోకి ఫిజియోథెరపీ అమ్మాయి ఒకతి వచ్చింది. గురువారం గురువారం పడవలో వచ్చేది. "నొప్పి తగ్గాక కదులుతానంటే ఈ జన్మకి కదలరు టీచర్. రోజూ కొంచెం కదలండి. కీలు వాచి మండే రోజు మాత్రం ఆగండి. ఒక కిలో తగ్గితే మోకాలికి నాలుగు కిలోలు దిగినట్టు," అంది. నదిలో నడవమన్నదీ ఆ అమ్మాయే. నీళ్ళు సగం బరువు మోస్తాయి.

ఆ నది దగ్గరే ఎలియేసర్ దొరికాడు. రేవులో పడవ నడిపేవాడు. రోజూ పొద్దున్న ఒకావిడ నీళ్ళలో గంభీరంగా అటూ ఇటూ నడవడం చూసి, పన్నెండో రోజున, "ఏదైనా పోయిందా సెన్యోరీతా, వెతికిపెట్టనా?" అని అడిగాడు. "పన్నెండు కిలోలు పోగొట్టుకోవాలి, వెతక్కండి," అంది ఆరెలిస్. అంతే. పెళ్ళయి ఇప్పటికి నాలుగు నెలలు.

బరువు చూసుకోవడానికి ఊళ్ళో ఉన్నది ఒకటే నమ్మకమైన కాటా. రేవులో చేపలు తూచేది. శనివారం ఆరెలిస్ దానిమీద నిలబడితే పడవలవాళ్ళంతా చుట్టూ మూగేవాళ్ళు. "ఎనభై మూడు! పొట్ట శుభ్రం చెయ్యకుండానే!" అని ఒకడు అరిచేవాడు. "నిలవ సరుకా, తాజాదా?" అని ఇంకొకడు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు వాళ్ళకంటే ముందే తనే అరుస్తుంది. పోయిన శనివారం డెబ్బై తొమ్మిది. ఆ రోజు ఎలియేసర్ ఆమెని కాటా మీదనుంచి ఎత్తి, కింద దింపకుండా పడవదాకా మోసుకుపోయాడు. ఒడ్డంతా ఈలలు.

అత్తగారు దీలియాకి మాత్రం ఇదేదీ నచ్చలేదు. ఆవిడ చేపలు వేయించి అమ్ముతుంది. "గాలికి కొట్టుకుపోయే కోడల్ని నేను అడగలేదమ్మా. ఈ బొకాచీకో చేప నీకోసమే వేయించాను. అరటికాయ బిళ్ళలు నూనెలో ఎట్లా పొంగాయో చూడు."

"అత్తయ్యా, ఉడకబెట్టిన కర్రపెండలం ఒక్క ముక్క చాలు."

"ముక్కా? పిల్లిక్కూడా ఇంకొంచెం పెడతాను."

అయినా సరే, వలయంలో పేరు చేరిందని తెలిశాక ఆవిడే కోడలి లంగా కుట్లు విప్పి నడుము దగ్గర రెండు అంగుళాలు లోపలికి కుట్టింది. కుట్టినంతసేపూ గొణిగింది. మంచి గుడ్డ వృథా అయిపోతోందని.

కుంబియాలో ఆడమనిషి పాదాలు నేల వదలవు. ఇసుక మీద జారుతున్నట్టు కదులుతాయి. ఎగిరేదీ గెంతేదీ మగవాడే. ఆమె కుడిచేత్తో వెలిగించిన కొవ్వొత్తుల కట్ట తల ఎత్తున పట్టుకుంటుంది. ఆ కట్ట మగవాడు కొనివ్వాలి. ఎర్ర రుమాల్లో చుట్టి, అందరి ముందూ చేతికివ్వాలి. అవి వెలుగుతున్నంతసేపూ ఆమె అతనితో ఆడుతుంది. అయిపోతే వలయంలోంచి తప్పుకోవాలి. అందుకే మగవాళ్ళు దుకాణంలో ఉన్నవాటిలోకల్లా పొడవైనవి ఏరుకుంటారు. కొవ్వొత్తి పొడవు చూసి ప్రేమ పొడవు చెప్పేస్తారు ఆ ఊరి ఆడవాళ్ళు.

కాండెలారియా అమ్మవారి పండుగకి వలయం రెండు సాయంత్రాలు. మొదటి సాయంత్రం ఐదింటికి ఆరెలిస్ తెల్ల రవికె, గళ్ళ లంగా, జడలో మందారం పెట్టుకుని మైదానంలో నిలబడింది. పక్కన బేకరీ ఆవిడ మార్గోత్, ఇంకో పదిహేను మంది. మధ్యలో వాయిద్యగాళ్ళు. ఎండ ఇంకా చర్చి గోడ మీద ఉంది. పొద్దున్న ఆమె వేళ్ళు పట్టుకుపోయి ఉన్నాయి, ఇప్పుడు వదులయ్యాయి. పిల్లనగ్రోవి మొదటి కూత కూయగానే మెడ వెనక రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మగవాళ్ళు వరుసగా వచ్చి కట్టలిచ్చారు. ఎలియేసర్ టోపీ తీసి, వంగి, రుమాలు విప్పాడు.

కొవ్వొత్తులు సగానికి ఉన్నాయి. జానెడు కూడా లేవు. అడుగున కత్తితో కోసిన గుర్తు.

ముందు నవ్వింది మార్గోత్.

"ఏమయ్యా, కేకు మీద గుచ్చేవా ఇవి? నా దగ్గర కేకులున్నాయి, కావాలా?"

"నాలుగు నెలలకే మైనం కరిగిపోయిందే!" వెనకనుంచి ఇంకెవరో.

ఆరెలిస్‌కి తల కొట్టేసినట్టయింది. ఎలియేసర్ ముఖం చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. నిన్యా తొమాసా చుట్ట చేతిలోకి తీసుకుని, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, డోలు వాళ్ళకి సైగ చేసింది.

ఆట మొదలైంది. మొదటి చుట్టులో ఆరెలిస్ అవమానాన్ని లెక్కపెట్టింది. రెండో చుట్టులో లెక్క మరిచింది. నడుము దానికదే దారి కనుక్కుంది. పాదాలు ఇసుకని నిమిరాయి. భుజం నొప్పి పుట్టింది, నిజమే. కానీ అది ఎవరో దూరపు బంధువు నొప్పిలా ఉంది. ఎలియేసర్ టోపీ ఊపుతూ చుట్టూ తిరుగుతుంటే, అతను మీదికొచ్చినప్పుడల్లా ఆమె మంటని అడ్డం పెట్టింది. ఆరేళ్ళుగా పోయిన ఒళ్ళు మలుపు తిరిగి తనవైపు వస్తున్నట్టుంది. ఇంకొక్క చుట్టు. ఇంకొక్కటి ఉంటే చాలు, వచ్చి చేరేది.

వేడి మైనం వేళ్ళని తాకింది. వత్తులు రుమాల్లోకి ఒరిగి ఆరిపోయాయి.

ఆమె వలయం దాటి బయటికి నడిచింది. వెనక పదహారు మంది ఆడుతూనే ఉన్నారు.

చర్చి మెట్ల మీద కూర్చుని చూసింది. కాసేపటికి మార్గోత్‌కి పిక్క పట్టేసింది. ఆవిడ ఆగి, ఇంకా పొడవుగా ఉన్న తన కొవ్వొత్తుల్ని ఉఫ్‌మని ఊదేసి, కట్ట మొగుడి చేతిలో పెట్టి, కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. ఒక్కరు కూడా నవ్వలేదు. మిగిలిన పొడవు మొగుడి చేతిలో అందరికీ కనిపిస్తూనే ఉంది. అది చూశాక గానీ ఆరెలిస్‌కి తన బాధ ఎక్కడుందో తెలియలేదు.

ఎలియేసర్ వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు.

"ఎవరు కోశారు?"

"నేనే. పొడవువే కొన్నాను, నా నల్లపిల్లా. ఇంటికొచ్చి కోశాను." అతను టోపీ తిప్పడం ఆపాడు. "మొన్న పొద్దున్న నువ్వు రవికె గుండీ పెట్టుకోలేక పళ్ళతో లాగావు. నేను నిద్ర నటించాను. అట్లాంటి చెయ్యి గంటసేపు ఎత్తి పట్టుకోవాలంటే... నాకు చూడాలంటే భయమేసింది."

అతను చూశాడని ఆమెకి తెలియదు. కోపం కాస్త పక్కకి జరిగింది. కానీ పోలేదు.

"నా చెయ్యి ఎంతసేపు లేస్తుందో నువ్వు కత్తితో కోసి చెప్పావు ఎలీ. ఊరందరి ముందూ."

"నొప్పొస్తుందని..."

"నొప్పి రాని రోజు ఏదో చెప్పు, ఆ రోజే ఆడతాను. కూర్చుంటే కూర్చున్న నొప్పి, పడుకుంటే పడుకున్న నొప్పి. ఆరేళ్ళు అవే చూశాను. ఆడిన నొప్పి ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూసుకుందామని నీళ్ళలో ఏడాది నడిచాను. సగంలో ఆపేశావు."

అతను తల వంచుకున్నాడు. "నన్ను ఆ చేపల కాటా మీద నిలబెట్టి తూచు. బుర్ర బరువు ఎంతో చూస్తావు. సున్నా."

ఆమెకి నవ్వొచ్చింది. రాకూడదనుకుంది, కానీ వచ్చేసింది. అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది. వేళ్ళు నొప్పి పుట్టినా వదల్లేదు.

మైదానంలో దీపాలు వెలిగాయి. ఇసుక మీద లంగాల నీడలు జరుగుతున్నాయి. ఆరెలిస్ వాటినే చూస్తోంది. ఆమె పాదాలు మెట్టు మీద మెల్లగా అటూ ఇటూ జారుతున్నాయి. ఎలియేసర్ ఆ పాదాల్ని చూశాడు.

దీలియా ఖాళీ అయిన చేపల బుట్టతో వచ్చి ఇద్దరి మధ్యా చతికిలబడింది.

"మీ నాన్న నాకిచ్చినవి మోచేయంత ఉండేవిరా సన్నాసీ," అంది కొడుకుతో. తరువాత కోడలివైపు తిరిగి, "ఇప్పుడేం చేద్దామంటావు?" అని అడిగింది.

ఆరెలిస్ చూపు తిప్పకుండానే చెప్పింది.

"రేపు పొద్దున్న దుకాణం తీయగానే ముగ్గురం వెళ్దాం. ఉన్నవాటిలోకల్లా పొడవైనవి ఎనిమిది. కోయడానికి వీల్లేకుండా మీ బుట్టలో దాచండి అత్తయ్యా. మధ్యాహ్నం నాలుగింటిదాకా నేను పడుకుంటాను, ఎవరూ లేపొద్దు. ఐదింటికి ఇతను మళ్ళీ టోపీ తీసి, వంగి, అందరికీ వినపడేలా అడగాలి. చెయ్యి లాగితే ఎడమ చేతికి మార్చుకుంటాను. ఎప్పుడు ఊదేయాలో మాత్రం నేనే చూసుకుంటాను."