మూడో గ్లాసు

ముసలి కొలతకి ఆ కోటు భుజాల దగ్గర బిగుతు, పొట్ట దగ్గర వదులు. ఎవరి ఒంటికి కుట్టారో గాని అతని ఒంటికి మాత్రం కాదు. దానికి ఇత్తడి బొత్తాలు, నెత్తిన నల్ల టోపీ.

"నలభై ఏళ్ల కిందట బార్లో మందు పోసేవాళ్లు ఇలాగే ఉండేవాళ్లు అంకుల్," అన్నాడు బారుకి కొత్త ముస్తాబు చేసిన డిజైనరు, టోపీని కాస్త పక్కకి వాలుస్తూ.

"నలభై ఏళ్ల కిందట ఇక్కడ పోసింది నేనే నాయనా. బనీను మీద పోశాను."

డిజైనరు నవ్వేశాడు. ముసలివాళ్లు ఏమన్నా నవ్వేయడం అతని మర్యాద. కొలతని గుమ్మం పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్లకి వంగి దండం పెట్టమని, సీసాల జోలికి మాత్రం పోవద్దని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

కొలత అన్నది పేరు కాదు, బిరుదు. కొలతగిన్నె ముట్టుకోకుండా సీసా వంచితే చుక్క ఎక్కువ పడదు, చుక్క తక్కువ పడదు. ఆ చేతికి ఊరు పెట్టిన పేరది. అలాంటి చేతికి దండాలు పెట్టే పని అప్పగించారు.

ఆ బారు వీధి మలుపులో ఒంటిగది. అప్పట్లో గోడకి పెచ్చులూడిన అద్దం, అద్దం ముందు సీసాలు, సీసాల ముందు చెక్కబల్ల. మోచేతులు ఆనీ ఆనీ ఆ బల్ల అంచున గుంటలు పడ్డాయి. ఒక్కో గుంటకీ ఒక్కో మోచెయ్యి. కొత్తవాడెవడైనా తెలియక కూర్చుంటే, "అది కంసాలి గుంట, పక్కకి జరుగు," అనేవాళ్లు. పాట లేదు, టీవీ లేదు. అడుగు మందంగా ఉన్న గ్లాసు కింద పెడితే ఠక్కుమని బల్ల జవాబిచ్చేది. లవంగాలు నానేసిన రమ్ములో వేడినీళ్లు, బ్రాందీలో సోడా, అంతే. ఏం కావాలని ఎవరూ అడగరు, ఏం కావాలో ఎవరూ చెప్పరు. గుమ్మంలో మొహం చూసి కొలత పోసేవాడు. ఏడుపు మొహంతో వచ్చినవాడికి కాస్త తగ్గించి పోసేవాడు. సాయంత్రం అయిదింటికి పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి సీసాల మీద పడేది. ఆ ఎండలో మొదటి గుక్క కోసం సగం మంది పని ముగించుకుని నేరుగా వచ్చేవాళ్లు.

వాళ్లని మళ్లీ ఇంటికి తోలే ఏర్పాటు కూడా అక్కడే ఉండేది. అది బారు పెట్టిన పెద్దాయన కట్టుబాటు. ఎంతటివాడికైనా రెండు గ్లాసులయ్యాక మూడోది ఇంటి గ్లాసు. అందులో మందుండదు. రోట్లో దంచిన అల్లం, నిమ్మరసం, ఉప్పు, చల్లటి నీళ్లు. అది ఖాళీ చేస్తేనే నాలుగోదాని ఊసు. మూడోది తాగాక చాలామందికి ఆ ఊసే గుర్తొచ్చేది కాదు, చెప్పులు వెతుక్కునేవాళ్లు.

"బారు పెట్టి, వచ్చినవాణ్ని ఇంటికి పంపేవాడు ఎక్కడైనా ఉంటాడా?" అని పెద్దాయన భార్య దెప్పేది.

"ఇంటికి పోయినవాడేనే రేపు వచ్చేది," అనేవాడాయన.

తాపీమేస్త్రీది ఆ మూడో గ్లాసే. ఆరేళ్ల కిందట తాగిన చేతులతో పరంజా కట్టాడు. ముడి జారి సొంత తమ్ముడు కిందపడ్డాడు. బతికాడు గాని కుడికాలు వంకరపోయింది. ఆ రోజునుంచి మేస్త్రీ చుక్క ముట్టలేదు. బారు మాత్రం మానలేదు. మనుషుల్ని వదులుకోలేక రోజూ అయిదింటికి వచ్చి, తన గుంటలో మోచెయ్యి పెట్టి, అల్లం నీళ్లు తాగి పోయేవాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. అన్నవాళ్లని అననిచ్చాడు.

"మొదటి రెండూ ఏమయ్యాయి మేస్త్రీ?" అని కొలత రోజూ అడిగేవాడు.

"నువ్వు తాగేశావుగా బావా!" అని మేస్త్రీ రోజూ అనేవాడు. ఆరేళ్లుగా అదే మాట, అదే నవ్వు.

పెద్దాయన పోయాడు. బారు అల్లుడి చేతికొచ్చింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనేవాళ్లు మనవాళ్లు. ఇప్పుడు పాతే వింతట. పాతకాలపు బారంటే జనం ఎగబడుతున్నారని ఎవరో అల్లుడి చెవిలో ఊదారు. రెండు నెలలు తలుపులు మూసి, ఉన్న పాతనంతా ఊడబెరికి కొత్త పాతని తెచ్చి పెట్టాడు. బల్లని చిత్రిక పట్టించి గుంటలు నునుపు చేయించాడు. కొత్త కుర్చీల్ని గొలుసులతో కొట్టించి ముసలివి చేయించాడు. పెచ్చులూడిన అద్దం పారేసి, పెచ్చులూడినట్టు రంగువేసిన అద్దం తెప్పించాడు. పడమటి కిటికీకి అడ్డంగా చెక్క కొట్టి, అయిదింటి ఎండలాంటి పసుప్పచ్చ దీపం పెట్టించాడు. ఇదంతా కొలతకి మింగుడు పడలేదు. పెద్దాయన ఉప్పు తిన్నవాడు కాబట్టి నోరు కట్టేసుకున్నాడు.

ఆ మధ్య డిజైనరు ఒకమాట అడిగాడు. "మూడో గ్లాసులో ఏముంటుంది అంకుల్?"

"ఏమీ ఉండదు."

"మాకు కూడా చెప్పరా?"

"అల్లం, నిమ్మకాయ, ఉప్పు, నీళ్లు."

డిజైనరు అల్లుడి వైపు చూసి కన్నుగీటాడు. "పాతవాళ్లింతే సార్. దాచుకుంటారు."

ఆ సంగతి కొలత అక్కడితో మరిచిపోయాడు. అదే పొరపాటు.

తలుపులు తెరిచిన రోజు సాయంత్రం అయిదయ్యేసరికి గది కిటకిటలాడింది. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో కొలతని చూసి ఆగిపోయాడు.

"ఇదేం వేషం బావా! బ్యాండుమేళంలో చేరావా?"

"పోరా లోపలికి. కుర్చీ దొరకదు మళ్లీ."

మేస్త్రీ నవ్వుకుంటూ వెళ్లాడు. తర్వాత వచ్చిన జంటకి కొలత దండం పెట్టి, డిజైనరు ఇచ్చిన కార్డుల్లో ఒకటి అందించాడు. ఆవిడ దాన్ని పైకే చదివింది: "మూడో గ్లాసు. మూడు ఘాటైన మందుల కలయిక. నలభై ఏళ్ల రహస్యం!"

కొలత ఆ కార్డు లాక్కుని చదివాడు. మేస్త్రీ లోపలికెళ్లి ఏమడుగుతాడు? ఆరేళ్లుగా తాగే మూడో గ్లాసే అడుగుతాడు.

జనాన్ని తోసుకుంటూ పోయాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. బల్ల చివర మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ముందర గ్లాసు, దాని చుట్టూ రెండు చేతులు. కొలత మొదట చూసింది మనిషిని కాదు, గ్లాసు మట్టాన్ని. అంచుదాకా ఉంది. చుక్క తగ్గలేదు. ఆ లెక్కలో అతని కన్ను తప్పదు.

"మేస్త్రీ, వదులు."

"వాసన చూశాను బావా." మేస్త్రీ గ్లాసునే చూస్తున్నాడు. "చూసి కూడా వదల్లేకపోతున్నాను. చేతులు మాట వినడంలేదు."

"పక్కకి నెట్టొచ్చు కదరా!"

"నువ్వే పంపావనుకున్నా. బావ పంపాడంటే ఇక తాగొచ్చేమో అనుకున్నా."

ఆ మాట కొలతకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఒక్కొక్క వేలూ విప్పి గ్లాసు లాక్కున్నాడు. నునుపు చేసిన ఆ బల్ల మీదే భళ్లున పారబోశాడు. పక్కనున్నవాళ్ల బట్టలు తడిశాయి.

అల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్! ఏంటిది, అందరి ముందూ?"

"అందరి ముందే అడుగుతున్నా. ఇందులో ఏం పోయించావయ్యా?"

"ఆయన తాగలేదుగా! ఎందుకంత రాద్ధాంతం? ఇంకోటి ఉచితంగా ఇప్పిస్తాలే."

"ఉచితంగానా?" కొలత గొంతు ఆ గదిలో నలభై ఏళ్లలో ఎప్పుడూ అంత లేవలేదు. "మీ మామ బతుకంతా ఉచితంగానే పోశాడయ్యా ఈ గ్లాసు! తాగినోడు ఇంటికి పోవాలని పోశాడు. నువ్వు దాని పేరుంచి ప్రాణం తీశావు. గొలుసులతో కుర్చీల్ని కొట్టుకో, అద్దానికి రంగులేసుకో, నాకు బ్యాండుమేళం కోటు తొడుగు, పడ్డాను. ఆరేళ్లు వీడు తన చేతుల్ని తాను కట్టేసుకుని బతికాడు. ఆ కట్టు నీ కార్డు ముక్క తెంపబోయింది! ఏముంటుందని అడిగితే ఏమీ ఉండదని చెప్పానా లేదా? నిజం చెబితే నమ్మడానికి కూడా మీకు అలంకారం కావాలా?"

మూల నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. తర్వాత గదంతా.

"అబ్బ, పాతకాలం గొడవ కూడా పెట్టించారే!" అంది కార్డు చదివినావిడ, ముచ్చటపడిపోతూ.

కొలత కోటు విప్పి గొలుసుదెబ్బలు తిన్న కుర్చీకి తగిలించాడు. గోడవార గాజుపెట్టెలో, దీపం కింద, పెద్దాయన అల్లం దంచిన రాతిరోలు ఉంది. పెట్టె తెరిచి రోలు చంకన పెట్టుకున్నాడు. పొత్రం మేస్త్రీ చేతికిచ్చాడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికాక ఆ చేతులు కుదుటపడ్డాయి. చప్పట్ల మధ్యనుంచి ఇద్దరూ బయటికి నడిచారు.

మేస్త్రీ తమ్ముడికి రెండు వీధుల అవతల సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. మర్నాడు సాయంత్రం ఆ కొట్టు బల్ల మీద, పంచరు అతుకుల పక్కన, రోలు కూర్చుంది. కంసాలి వచ్చాడు. పాతవాళ్లు మరో ముగ్గురు వచ్చారు. కుంటికాలు చాపుకుని తమ్ముడు నిమ్మకాయలు కోస్తున్నాడు. అక్కడా పడమటి ఎండ పడుతోంది.

"మొదటి రెండూ ఏమయ్యాయి మేస్త్రీ?"

మేస్త్రీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆరేళ్లలో ఎన్నడూ ఆ పని చేయలేదు. కొలత అది చూసి తల తిప్పుకున్నాడు.

"నువ్వు తాగేశావుగా," అన్నాడు మేస్త్రీ చివరికి. తాగాడు.

అప్పుడొచ్చాడు డిజైనరు. రోలు కోసమనుకుని కొలత దానిమీద చెయ్యి వేశాడు.

"రోలు ఉంచుకోండి అంకుల్. నిన్నటిది అందరికీ తెగ నచ్చేసింది. రోజూ అయిదింటికి వచ్చి, అలాగే గ్లాసు పారబోసి, అలాగే తిట్టి వెళ్తారా? ఈ మేస్త్రీగారిని కూడా తీసుకురండి."

తమ్ముడి చేతిలో కత్తి ఆగిపోయింది. కొలత లేచి, ఒక గ్లాసు నింపి డిజైనరు ముందు పెట్టాడు. అతను గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు, గ్లాసు ఖాళీ చేశాడు.

"అద్భుతం! ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు."

డిజైనరు నవ్వి, వేలు ఆడించాడు. "చెప్పరు కదా!"

కొలత కూర్చుని పొత్రం అందుకున్నాడు. ఆ పూట అల్లం మరీ మెత్తగా నలిగింది.