కుడి సీటు యోక్

నేను ఒక విమానపు యోక్‌ని. బస్సుకు స్టీరింగ్ ఎలాగో బోయింగ్ విమానానికి నేను అలాగ. కాకపోతే గుండ్రంగా ఉండను, పైకి రెండు కొమ్ములున్న సగం చక్రంలా ఉంటాను. నన్ను ముందుకు నెడితే విమానం ముక్కు దించుతుంది, వెనక్కి లాగితే ఎత్తుతుంది. ప్రతి బోయింగ్‌లోనూ మేము ఇద్దరం ఉంటాం. ఎడమ సీటు ముందున్నది కెప్టెన్‌ది, కుడి సీటు ముందున్నది కో-పైలట్‌ది. నేను కుడిదాన్ని. మా ఇద్దరినీ విమానం నేల కింద తీగలతో కలిపి కట్టారు. అది ఎటు తిరిగితే నేనూ అటే తిరగాలి.

అమెరికాలో పుట్టాను గాని నాకు బొట్టు పెట్టింది హైదరాబాదులోనే. కొత్త విమానం దిగిన రోజున పూజారి ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి, లోపలికి వచ్చి మా ఇద్దరికీ కుంకుమ పెట్టాడు. ఎడమదాని బొట్టు తొందరగానే చెరిగిపోయింది. నాది ఒక మరమేకు గాడిలోకి దిగి ఏళ్ల తరబడి ఉండిపోయింది.

నా పక్కదాన్ని పట్టుకున్నవాళ్లలో కెప్టెన్ మృత్యుంజయరావుకు ఉన్నంత భక్తి ఇంకెవరికీ లేదు. సీట్లో కూర్చోగానే యోక్‌ను తాకి కళ్లకు అద్దుకునేవాడు. బోయింగ్ తప్ప మరొకటి విమానమే కాదు ఆయనకు. ఎయిర్‌బస్‌లో మాలాంటి యోక్‌లు ఉండవు. పక్కన చిన్న పుల్లలాంటి పిడి ఉంటుంది, పైలట్ ముందు మడత బల్ల ఉంటుంది.

"అందులో భోజనానికి బల్ల ఇచ్చారు, నడపడానికి పుల్ల ఇచ్చారు," అనేవాడు ఆయన.

"ఉప్మా ఒళ్లో ఒలక్కుండా తినొచ్చు కద సర్," అనేది నా సీట్లో కూర్చునే హిమజ.

"నువ్వు ఉద్యోగానికొచ్చావా, పెళ్లి భోజనానికొచ్చావా?"

"రెండోది ఉందంటే చెప్పండి, చీర కట్టుకొస్తా."

ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత ఆయన తన అసలు వాదన చెప్పేవాడు. "ఇందులో నీ చెయ్యి నా చేతికి తెలుస్తుందమ్మా. అందులో పక్కవాడేం చేస్తున్నాడో పక్కవాడి చేతికి తెలీదు. అదేం కాపురం?"

ఆ మాట నిజమే. ఎయిర్‌బస్‌లో ఆ రెండు పుల్లలకూ మధ్య మాకున్నట్టు తీగ లేదు.

విమానం ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారేటప్పుడు పైలట్లకు ఒక పద్ధతి ఉంది. ఇచ్చేవాళ్లు "యూ హావ్ కంట్రోల్స్" అంటారు. తీసుకునేవాళ్లు "ఐ హావ్ కంట్రోల్స్" అనాలి. ఆ జవాబు వినపడేదాకా ఇచ్చేవాళ్లు చెయ్యి తీయకూడదు. మృత్యుంజయరావు ఆ మాట అనేవాడు, జవాబూ వినేవాడు, అయినా ఎడమ యోక్ మీద రెండు వేళ్లు ఉంచేవాడు. ఆ బరువు తీగల్లోంచి నాలోకి, నాలోంచి హిమజ అరచేతుల్లోకి వచ్చేది. ఆమె తప్పు పట్టలేదు. పిల్ల సైకిలు తొక్కుతుంటే వెనక సీటు పట్టుకున్న తండ్రి చేయి అనుకుంది.

ఒక వానాకాలం విశాఖపట్నంలో దిగుతుండగా ఆ వేళ్లలో వణుకు వచ్చింది. గాలి కుదుపు వేరు, ఇది వేరు. సన్నగా, ఆగకుండా వచ్చింది. హిమజ విమానాన్ని దించింది. ప్రయాణికులు దిగిపోయాక మెల్లగా అడిగింది.

"సర్, చెయ్యి ఒకసారి డాక్టరుకు చూపించుకుంటారా? నేనెవరితోనూ అనలేదు."

"కాఫీ ఎక్కువైందమ్మా," అని నవ్వాడు ఆయన. ఆ తర్వాత ఆమె నడిపేటప్పుడు వేళ్లు ఉంచడం మానేశాడు.

ఇంతలో కంపెనీ ఎయిర్‌బస్‌లు కొనడానికి సిద్ధమైంది. ఎవరు బోయింగ్‌లో ఉంటారో, ఎవరు ఎయిర్‌బస్‌కు మారతారో చెప్పమంది. హిమజ కెప్టెన్ అయ్యే వంతు దగ్గరపడింది. ఎడమ సీటు కోసమే ఆమె అన్నేళ్లు నా ముందు కూర్చుంది. ఇప్పుడు మారితే కొత్త వరుసలో చివర నిలబడాలి. ఉండిపోతే, పెద్దవాళ్లు వెళ్లిపోయాక ఆ సీటు ఆమెదే. ఈ లెక్కంతా బోయింగ్‌లు ఉంటేనే.

ఒకరోజు ఆమె వానలో విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేస్తోంది. లోపల మృత్యుంజయరావు ఒక్కడే ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "అద్దెకు తెచ్చిన బోయింగులన్నీ ఏడాది తిరక్కుండా వెనక్కిచ్చేస్తున్నారా? సరే, నన్ను ఎయిర్‌బస్‌లో వెయ్యండి. ఈ సంగతి బయటికి పొక్కనీకండి."

ఫోన్ పెట్టేసిన కాసేపటికి హిమజ జుట్టు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "సర్, నన్నేం చెప్పమంటారు? ఉండమంటారా, మారమంటారా?"

"ఇక్కడే ఉండమ్మా. ఎడమ సీటు నీకు రాసిపెట్టి ఉంది. నేను మాత్రం ఎక్కడికి పోతాను?"

ఆమె నమ్మింది. ఇన్నేళ్లూ తనను పడనివ్వని రెండు వేళ్లను బట్టి మనిషిని అంచనా వేసింది. పైలట్లు తప్ప మరొకరు చేయని పొరపాటు అది. చేతి వణుకు తీగల్లోంచి వచ్చింది గాని, మాటలోని అబద్ధం రాలేదు.

ఆయనకు ఎయిర్‌బస్ మీద మమకారమేమీ పుట్టలేదు. వైద్య పరీక్షలో చెయ్యి చాచమన్నంతసేపు ఎలాగో బిగబట్టగలడు. గంటల తరబడి యోక్ మీద దాచలేడు. ఆ పుల్ల పక్కవాళ్లకు ఏమీ చెప్పదు. జీవితమంతా దేన్ని లోపమన్నాడో అదే ఆయనకు అక్కరకొచ్చింది. ఇక తన చెయ్యి ఎరిగిన మనిషి వెంట రాకుండా చూసుకోవాలి, అంతే.

మృత్యుంజయరావు ఎయిర్‌బస్‌కు మారాడు, బోయింగ్‌లు వెళ్లిపోయాయి. మిగిలిన పైలట్లకు ఎయిర్‌బస్‌లో ఖాళీలు లేవన్నారు. హిమజ ఒక శిక్షణ సంస్థలో బోర్డు ముందు నిలబడి, కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పే పనిలో చేరింది. ఎడమ సీటు ఆమెకు ఎన్నటికీ దొరకలేదు.

మా విమానాన్ని ముక్కలుగా కోశారు. తీగలు తెంపి మా ఇద్దరినీ విడదీశారు. ఎడమదాన్ని ఎవరో విదేశీయుడు కొనుక్కుపోయాడు. మృత్యుంజయరావు పదవీ విరమణ సన్మానానికి నన్ను తెచ్చారు. టేకు చెక్కకు బిగించి, మెరిసేలా రుద్దారు. గాడిలోని కుంకుమ ఆ రుద్దుడులో పోయింది.

ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషి అని, నన్ను అందించడానికి హిమజనే పిలిచారు. ఆమె వచ్చింది. నన్ను రెండు చేతులా పట్టుకుని వేదిక ఎక్కింది. ఆయన అందుకోబోయాడు. చెక్కకు అటు ఆయన చేతులు, ఇటు ఆమె చేతులు. తీగ లేకపోయినా పాత వణుకు నాలోంచి ఆమె చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడది సన్నది కాదు.

"యూ హావ్ కంట్రోల్స్, సర్," అంది హిమజ.

కింద కూర్చున్నవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. ఆయన జవాబు చెప్పలేదు. పద్ధతి ప్రకారం ఆమె చెయ్యి తీయలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఆమె ఆయన ముఖం వంకే చూస్తూ నిలబడింది.

"ఐ హావ్ కంట్రోల్స్," అన్నాడు చివరికి, ఆమెకు మాత్రమే వినిపించేలా.

ఆమె వదిలేసింది. ఆయన చేతుల్లో నేను గడగడా వణికాను. పాపం, కదిలిపోయాడని సభ మళ్లీ చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఆయన పూజగది పక్క గోడమీద ఉన్నాను. రోజూ హారతి అయ్యాక వచ్చి నన్ను తాకి కళ్లకు అద్దుకుంటాడు. ఆ భక్తి అబద్ధమని అనలేను. అంత భక్తి ఉన్న చేతితో ఆ పని ఎలా చేయగలిగాడన్నదే నాకు తెలియదు, పైనున్నవాడికి తెలియాలి. ఇంటికొచ్చినవాళ్లతో ఇప్పటికీ అదే మాట చెబుతుంటాడు. "బోయింగ్‌లో పక్కవాడి చెయ్యి మన చేతికి తెలుస్తుందండీ."

నా వెనక ఇప్పుడు గోడే ఉంది. ఆయన వణుకు నా దగ్గరే ఆగిపోతుంది.