బస్సులో వస్తుందన్న అమ్మ

నేను ఒక ఏటికొప్పాక లక్కబొమ్మను. అంకుడు కర్రను గుండ్రంగా చెక్కి, లక్క రంగులద్ది, నన్ను ముసలమ్మను చేశారు. మొదట ఒక బ్యాంకు మేనేజరుగారి అద్దాల బీరువాలో ఆరేళ్లు నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉందో అనేవారు, నా వైపు సరిగ్గా చూడకుండానే. ఆయనకు బదిలీ అయినప్పుడు నన్ను అనకాపల్లిలో ఒక ప్రత్యేక పాఠశాలకు ఇచ్చేశారు. అక్కడ కౌన్సెలింగ్ చేసే రాజ్యలక్ష్మిగారి బల్ల మీద మరో మూడు బొమ్మల పక్కన చేరాను. నోటితో చెప్పుకోలేనివాళ్లు బొమ్మలతో చెప్పుకుంటారని ఆవిడ నమ్మకం. నాకైతే అనుమానమే. నోరున్నవాళ్లే సరిగ్గా చెప్పి చావరు కదా!

ఆ శనివారం సన్యాసిరావు తన చెల్లెలు పైడితల్లిని తీసుకొచ్చాడు. ఆమెకు ముప్పయ్యేళ్లు, బుద్ధి ఎదుగుదల తక్కువ. తల్లి పోయి మూడు నెలలైంది. తట్టుకోలేదని ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఊరెళ్లింది, బస్సులో వచ్చేస్తుంది అన్నారు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఇంట్లోంచి తప్పించుకుని, హైవే దాటి బస్టాపుకు పోతోంది. మొన్న లారీ కింద పడబోయింది. అందుకే సోమవారం ఆమెను దూరంగా ఒక హాస్టల్లో చేర్చడానికి అన్న కాగితాలు తెచ్చాడు. అడిగితే "ఆఁ" అందట, కాబట్టి ఆమెకూ ఇష్టమేనట. ఆ మాట నిజమేనని మేడంగారు సంతకం పెడితే చాలునట.

రాజ్యలక్ష్మిగారు హాస్టల్‌కి వెళ్తావా అని అడిగారు. ఆఁ అంది. ఇంట్లోనే ఉంటావా అన్నారు. దానికీ ఆఁ అంది. సన్యాసిరావు మొహం మాడిపోయింది. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, మా నాలుగు బొమ్మల్నీ ఆమె ముందుకు జరిపి, మీ ఇంట్లో ఏం జరిగిందో చూపించమన్నారు.

పైడితల్లి నన్నే పట్టుకుంది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మెడదాకా రుమాలు కప్పింది. తన తలలోని బంతిపువ్వు తీసి నా గుండెల మీద పెట్టింది. అయ్యో! తల్లిని తీసుకెళ్లిన రోజు ఈమెను పక్కింట్లో టీవీ ముందు కూర్చోబెట్టారట. ఆ ఇంటికి వీధివైపు ఒక కిటికీ ఉందని ఇంతమంది తెలివైనవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

"అమ్మని ఇలాగ మోసుకెళ్లినావు," అంది అన్నతో. "మరి బస్సులో వస్తాదన్నావు. నాను రోజూ సూస్తన్నాను."

సన్యాసిరావు తలుపు వైపు చూశాడు. లేచి పోతాడేమోనని భయపడ్డాను. మేడం కదల్లేదు, అతని బదులు తాను చెప్పనూ లేదు. అతను చెల్లెలి వైపు తిరిగాడు.

"రాదమ్మా. అమ్మ సచ్చిపోనాది. నీకు అబద్దం సెప్పినాను."

పైడితల్లి అతని మొహంలోకి చూస్తూ, "అయితే ఏడవొచ్చా?" అని అడిగింది.

ఇన్నాళ్లూ ఆమె కళ్లు తడిసినప్పుడల్లా, ఏడవకు, అమ్మొచ్చేస్తుంది అని నోరు మూయించారు మరి. అన్నే ముందు ఏడ్చాడు. తర్వాత ఆమె అతని భుజం మీద తల పెట్టి, గొంతెత్తి ఏడ్చింది. రాజ్యలక్ష్మిగారు ఇద్దర్లో ఎవరినీ ఊరుకోమనలేదు.

చాలాసేపటికి పైడితల్లి ముక్కు తుడుచుకుని లేచింది.

"అమ్మని ఎక్కడ ఎట్టినావో సూపించు," అంది.

సన్యాసిరావు ఆమె చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. హాస్టల్ కాగితాలు బల్ల మీదే మరిచిపోయాడు. వాటి పక్కన, పువ్వు కింద, నన్ను లేపేవాళ్లు లేక అలాగే పడుకుని ఉన్నాను.