తలుపు లోపలి వైపు

నేను ఒక డిస్ట్రాయర్‌ను. శత్రునౌకల్ని ముంచడానికి కట్టిన యుద్ధనౌకను. నన్ను కట్టడం పూర్తయ్యేసరికే ప్రపంచయుద్ధం ముగిసిపోయింది. పెళ్లి అయిపోయాక వచ్చిన మేళగాడి బతుకు నాది. చలిదేశపు రేవులో కొన్నాళ్లు ఊరికే కట్టేసి ఉంచి, ఆనక మనవాళ్లకు అమ్మేశారు. విశాఖపట్నంలో కొత్త రంగు పూసి ‘భీమసేన’ అన్నారు. ఈ భీమసేనుడు పాతికేళ్లలో శత్రువు మీద ఒక్క గుండు పేల్చలేదు. పేల్చినవన్నీ పెద్దమనుషులకు వందనాలే.

నాలో జరిగిన ఒకే ఒక్క చావు తుపానులో జరిగింది. కళింగపట్నం ఎదుట నా పొట్ట చీలి, బాయిలర్ గదిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. దాలయ్య లోపల వాల్వు కట్టేస్తున్నాడు. అతనికి పని నేర్పిన నేస్తం నూకరాజు బయట ఇనుప తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఓరి దాలయ్యా, బేగి రారా!”

తలుపు మూసెయ్యమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మూయకపోతే అందరం మునుగుతాం. రెండోసారి అరిచారు. నూకరాజు కళ్లు మూసుకుని తోశాడు. తలుపు పడింది. వెంటనే లోపలినుంచి దబదబా దెబ్బలు. కాసేపటికి ఆగిపోయాయి.

నూకరాజుకు పతకం ఇచ్చారు. కొలువు మానేశాక కూడా, జనాన్ని నా మీదికి రానిచ్చే నౌకాదినాన ఏటా వచ్చేవాడు. అందరూ ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగుతుంటే, తను మాత్రం కిందికి దిగి, మూసి ఉన్న ఆ తలుపు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఒకసారి మనవరాలితో అన్నాడు: “ఆడు తియ్యమని కొట్టినాడమ్మా. నాను తియ్యలేదు.”

కాదు నూకరాజూ. అంత నీటికి ఎదురు తోసి మూయడం ఒక్కడి వల్ల అయ్యే పనా? అవతల దాలయ్య రెండు చేతులా లాగాడు. ఆ తలుపుకు రెండు వైపులా బిగించే పిడులున్నాయి, సుత్తితో కొడితేగాని బిగియవు. ఆ సంగతి అతనికి నేర్పింది నువ్వే. అతను కొట్టింది బిగించడానికి. నువ్వు గడప దాటి అవతలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మరమ్మతువాళ్లు ఆ సుత్తిదెబ్బల సొట్టల మీద రంగు పూసేశారు. నాకు అరిచే సైరన్ ఉంది గాని చెప్పే నోరు లేదు. నువ్వు మెట్లెక్కి వెళ్లిపోయిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

నా జెండా చివరిసారి దించిన రోజు మనవరాలు ఒక్కతే వచ్చింది. తాత వానాకాలంలో పోయాడని పక్కనున్నావిడతో చెప్పింది.

ఇప్పుడు ఇసుకలో పడుకోబెట్టి నన్ను కోస్తున్నారు. నిన్న ఆ తలుపు ఊడదీశారు. సూరప్పడనే పనివాడు లోపలి వైపు రంగు గీకి, పిడిని తడిమి చూశాడు.

“దెబ్బలన్నీ పిడి బిగిసీ వైపే ఉన్నాయిరా. లోపలున్నోడే బిగించీసినాడు, ఎవడో గాని.”

అని జతగాడితో అనేసి, తలుపును తుక్కుకుప్ప మీదికి విసిరి, నా రెండో పక్క కోయడానికి వెళ్లాడు.