టాపెట్ల చప్పుడు

ఆదివారం ఉదయం పదీ నలభైకి సూర్యాపేటలో పెళ్లి ఊరేగింపు ఫంక్షన్ హాల్ గేటు దాకా వచ్చి ఆగింది. అంబాసిడర్ కారు ఇక కదల్లేదు. పెళ్లికొడుకు దిగి నడిచాడు.

“ఏం బావా, బండికి దాణా పెట్టలేదా?” అన్నారు ఆడపెళ్లివాళ్లు.

ఆ కారు కృష్ణమూర్తిది. ఆయన పోయాక మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే కూతురు విజయలక్ష్మి దగ్గర ఉంది. తండ్రి నేర్పినట్టే ఇంజిన్ టాపెట్లు ఆమే సరిచేసుకుంటుంది. కారు నడిచినన్నాళ్లు ఆమె దగ్గరే ఉండాలని, ఆగిననాడు అమ్మేయాలని తమ్ముడు రాకేష్‌తో మాట అయింది. రాకేష్‌ది కోదాడ. స్నేహితుడి పెళ్లికని కారు తీసుకుపోయింది అతనే.

కబురు అంది ఆమె వచ్చేసరికి పాత ఇనుము కొనే మల్లన్న వ్యాను, తాడుతో సిద్ధంగా ఉన్నాడు.

“ఇంజిన్ ఖతం అక్కా. నీ రిపేర్లతోని నాయిన బండిని సంపినవ్,” అన్నాడు రాకేష్, పెళ్లివాళ్లందరూ వింటుండగా.

విజయలక్ష్మి బానెట్ ఎత్తింది. ఇంజిన్ చల్లారేదాకా ఎవరూ ముట్టొద్దంది. కిరాయి దండుగని మల్లన్న గొణిగితే, పోయి పెళ్లి భోజనం చేసి రమ్మంది.

చల్లారాక పై మూత విప్పింది. వాల్వును నొక్కే ఇనుప చేతికీ వాల్వు కొసకూ మధ్య సన్నని సందు ఉండాలి. టాపెట్ల టకటక చప్పుడు ఆ సందుదే. సందు లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజిన్ బలం కారిపోతుంది. సందు కొలిచే గేజ్‌లోని ఉక్కు రేకు దూర్చి చూసింది. మొదటిదాంట్లో దూరలేదు. ఏ ఒక్కదాంట్లోనూ దూరలేదు. నట్ల మీద కొత్త పానా గీతలున్నాయి.

“దీన్ని ఎవరిప్పిన్రు?”

ఎవరూ ఇప్పలేదన్నాడు రాకేష్. పెళ్లికొడుకు తమ్ముడు కార్తీక్ అడ్డొచ్చాడు.

“మెకానిక్ నరేందర్ షెడ్డుల బిగియించినం గదన్నా. టకటక వీడియోల పడుతదని నువ్వే అంటివి. ఆయన వద్దన్నడు గూడ.”

పెళ్లికారు చప్పుడు చేస్తే ఎంత నామోషీ అన్నాడు రాకేష్.

“నామోషీ నీది, నింద నాదా?” అంది విజయలక్ష్మి. “బిగియించేటప్పుడు నాకొక్క ఫోన్ చెయ్యకపోతివి. మల్లన్నకు మాత్రం చేసినవ్. స్టార్టింగ్ హ్యాండిల్ పట్టు. నేను చెప్పినప్పుడల్లా తిప్పు.”

రాకేష్ పట్టు షేర్వానీ చేతులు పైకి మడిచి, కారు ముందు వంగి హ్యాండిల్ తిప్పాడు. ఆమె ఒక్కొక్క వాల్వు దగ్గర మర సడలించి, రేకు కొద్దిగా పట్టి జారేలా సందు పెట్టి నట్టు బిగించింది. తప్పు పడితే మళ్లీ విప్పింది. ఆడపెళ్లివాళ్లు ఇప్పుడు రాకేష్‌ను బావా అని పిలుస్తున్నారు.

రెండోసారి తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంది. టకటక వినిపించింది. మల్లన్న తాడు చుట్టుకుని వ్యానెక్కాడు.

దారిలో పెన్‌పహాడ్ దగ్గర ఒక సిలిండర్ రెండుసార్లు మిస్ కొట్టింది. కారు ఆగలేదు. పొద్దు గూకకముందే మిర్యాలగూడ మిల్లు షెడ్డులోకి వచ్చింది. నడిపింది విజయలక్ష్మి.