ఒకే గడకు కట్టి చూడు

తీగే కలపని రాగి కడ్డీ రేడియో శబ్దాన్ని ఎలా పెంచుతుందన్న అనుమానం నన్ను ఏళ్లుగా వదల్లేదు. అది తీరితే రంగనాథస్వామికి టెంకాయ కొడతానని మొక్కుకున్నాను కూడా.

నగర్తపేటలో రేడియోల అంగడి గోపాలప్పతో, ఎవరు చేసిన ఏరియల్ మేలో చూద్దామని పందెం వేశాను. ఓడితే నేనిక ఏరియల్ చెయ్యకూడదు. ఆయన తన ఏరియల్‌ను మిద్దె మీద, తీగ కలిపిన కడ్డీ ముందు, తీగ లేని కడ్డీ వెనక ఉన్న నాదాన్ని వాకిట్లో పెట్టి మీటరు చూపించాడు. తనదే గెలిచింది.

"నీది బట్టలారేసేదానికి పనికొస్తాది లేప్పా," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. "ఒకణ్ణి గుంతలో, ఇంకొకణ్ణి బండ మీద నిలిపి ఎత్తు కొలుస్తావా అప్పా? ఒకే గడకు కట్టి చూడు. ముందు ఉత్త తీగ కట్టు. దాన్నిబట్టి మిగతావి కొలుద్దాం."

గడకు కట్టి, అన్నిటికీ ఒకే స్టేషను పెట్టి చూస్తే, ఉత్త తీగతో మీటరు ముల్లు పది చూపింది. గోపాలప్పదానికీ పదే. నాదానికి పద్దెనిమిది వచ్చింది. గడను వెనక్కి తిప్పితే నాలుగుకు పడిపోయింది. అప్పుడర్థమైంది. దీపం వెనక పెట్టిన ఇత్తడి పళ్లెంలాగా, వెనక కడ్డీ కొత్త బలమేదీ పుట్టించడం లేదు. ఉన్నదాన్నే ఒక వైపుకు మళ్లిస్తోంది.

"మీటరు చెడిపోయినట్టుండాది," అన్నాడు గోపాలప్ప.

"ఇందాక నువ్వు గెలిచింది కూడా దీంతోనే గదప్పా."

ఆ సాయంత్రమే గుడికి వెళ్లి, స్వామికి బాకీ ఉన్న టెంకాయ కొట్టాను.