నీళ్ల గరగర

గరగరమంటోంది, లేదు, అనడంలేదు, ఇదిగో మళ్లీ అంటోంది, ఇందాక విమానం కింద కింగ్ దీవి ఉన్నంతసేపూ బుద్ధిగా ఒకే శ్రుతిలో మోగిన ఇంజను, దీవి వెనకబడి కింద ఒట్టి సముద్రం మిగిలేసరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గరగర, విన్ కళ్లు మళ్లీ మీటర్ల ముళ్ల మీదకి పరుగెత్తాయి, నూనె వేడి ఉండాల్సినంతే ఉంది, సిలిండర్ల వేడీ అంతే, మరి ఈ చప్పుడేమిటి, విన్యార్డ్ విమానాల క్లబ్బులో ముసలాళ్లంతా దీన్ని నీళ్ల గరగర అంటారు, ఒడ్డు కనబడకపోతే చాలు, ఎంత మంచి ఇంజనైనా గరగరమంటుందట, ఆ మాటకి ఎన్నిసార్లు పగలబడి నవ్విందో, ఇప్పుడు నవ్వమనండి చూద్దాం, పక్క సీట్లో క్లెమ్ మాత్రం షికారుకొచ్చినవాడిలా లామింగ్టన్ కేకు మెక్కుతున్నాడు, కొబ్బరిపొడంతా లైఫ్ జాకెట్ మీద రాల్చుకుంటూ, మొగుడని కాదుగానీ అసలు ఈ మనిషికి చెవులున్నాయా.

అడగకూడదు, అడిగితే పరువు పోయినట్టే, షెడ్డులో ఈ విమానానికి రెక్కలు రాకముందే మొదలైన పోట్లాట ఇది, నీళ్లతో చల్లబడే ఇంజను పెడదాం విన్, కార్లన్నీ అలాగే నడుస్తున్నాయి కదా, నిశ్చింత, అని అతను, ఆ రేడియేటరూ పంపూ గొట్టాలూ, ఏ ఒక్కటి కారినా సముద్రం మీద మన పని అంతే సంగతులు, గాలికి చల్లబడేదైతే కారడానికి అసలు నీళ్లుంటేగా, అని తను, ఆహా, గాలేమన్నా నీ పెంపుడు కుక్కా తల్లీ, సిలిండర్ల మధ్యలోంచి పొమ్మంటే పోవడానికి, ఎక్కడ కన్నం దొరికితే అక్కడ జారుకుంటుంది, ఇంజను కుంపటై కూర్చుంటుంది, అప్పుడు మనం పోదామనుకున్న బ్రూమ్ దాకా నువ్వొక్కదానివే ఎగురు, నేను బస్సులో వస్తా, అన్నవాడే ఇవాళ పొద్దున్న తనకంటే ముందే ఎక్కి బెల్టు బిగించుకున్నాడు.

వెనక్కి తిప్పాలంటే ఇప్పుడే తిప్పాలి, ఇంకాసేపైతే ముందున్న ఒడ్డే దగ్గరవుతుంది, ఈ ఇంజను కావాలని పట్టుబట్టింది తను, తన మొండితనానికి ఇతన్ని సముద్రంలో ముంచితే ఎలా, పోనీ ఓడిపోతాను, ఓడిపోయినా బతికుంటాంగా, క్లెమ్, నీకేమన్నా వినిపిస్తోందా, అతను నమలడం ఆపాడు, దీవి దాటినప్పట్నుంచీ వినిపిస్తూనే ఉంది, మరి చెప్పవేం, చెబితే ఊరుకుంటావా, మళ్లీ రేడియేటరు భజన మొదలెట్టాడంటావు, అందుకే నోట్లో కేకు కుక్కుకుంటున్నా, ఇది నాలుగోది, నీ దుంపతెగ, నేనిక్కడ హడలి చస్తుంటే, తిప్పనా మరి వెనక్కి, అతను వంగి ముళ్లన్నీ ఒక్కొక్కటే తీరిగ్గా చూశాడు, వద్దు, గాలి పోవాల్సిన చోటికే పోతోంది, నాకు తెలుసు, ముందుకే పోనీ.

తెలుసట, ఎలా తెలుసో, అనుకోగానే గుర్తొచ్చింది, కిందటి చలికాలం పట్టపగలు షెడ్డు తలుపులన్నీ మూసి, ఇంజను మూత లోపల బల్బు వెలిగించి, చీకట్లో దాని చుట్టూ తిరుగుతున్నాడు, ఏం చేస్తున్నావంటే ఎలుకల కోసమన్నాడు, ఎలుకలట, నమ్మేసింది కూడా, ఎక్కడ వెలుతురు బయటికి కారితే అక్కడ గాలీ కారుతుంది, అలాంటి ప్రతి కన్నానికీ రబ్బరు ముక్క కోసి అంటించాడన్నమాట, అతనే వద్దు వద్దన్న ఇంజనుకి, ఒక్క మాటైనా చెప్పకుండా, అయ్యో పిచ్చి మనిషీ, గుండె ఒక్కసారిగా తేలికైపోయింది, అదిగో ఆట్వే దీపస్తంభం తెల్లగా, దాని వెనక పచ్చటి కొండలు, ఒడ్డు, గరగర ఎటు పోయిందో పోయింది, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు, ఎలుకలు దొరికాయా క్లెమ్, అంది, అతను ఎర్రబడ్డాడు, ఒక్కటి కూడా మిగల్లేదులే, కేకు తింటావా, అన్నాడు, ఇంజను పోట్లాటలో గెలిచింది తనేనని విన్ ఇన్నాళ్లూ మురిసిపోయింది, గెలిపించినవాడు పక్క సీట్లో కొబ్బరిపొడి దులుపుకుంటున్నాడు.